సాలోమోను కాలు

మచ్చ బొల్లారం కాలనీల్లో ఎవరు కొత్త ఇల్లు కట్టుకున్నా రంగుల పనికి మొదట సాలోమోనునే పిలిచేవారు. మనిషి బక్కపలచన, పని నిదానం. నిచ్చెన పైమెట్టు మీద ఒక కాలు ఆన్చి, రెండో కాలు గాలిలోకి చాపి, సజ్జ కింద మూల దాకా బ్రష్ అందించేవాడు. కింద నిలబడి చూసేవాళ్లకు గుండె ఝల్లుమనేది. ఆయన మాత్రం ఆ ఎత్తులోనే కూనిరాగాలు తీస్తుండేవాడు. ఆదివారం వచ్చిందంటే ఆ చేతులే చర్చిలో డోలక్ మీద ఆడేవి. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడంటే ఆరాధన ముగిసేదాకా కదిలేవాడు కాదు.

రేచల్‌ను ఆయన మొదట చూసింది శామీర్‌పేటలో. అక్కడ ఒక మొక్కల నర్సరీ గేటుకు రంగు వేయడానికి వెళ్లాడు. ఆ నర్సరీలో సంచుల్లో మట్టి నింపే పని చేసే ఎలీషమ్మకు మధ్యాహ్నం అన్నం తెచ్చిన కూతురే రేచల్. ఒక పూటలో అయిపోవాల్సిన గేటు పని వారం పట్టింది. యజమాని కసురుకున్నాడు గానీ ఎలీషమ్మకు సంగతి అర్థమైపోయింది. "పోరడు గేటుకు రంగేస్తలేడు, నా ఇంటికి అల్లుడయ్యేతందుకు దారేసుకుంటాండు" అని తోటి ఆడవాళ్లతో చెప్పి నవ్వింది.

పెళ్లయింది. ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. ఆ దిగులు ఇద్దరికీ ఉన్నా ఒకరి ముందు ఒకరు ఎత్తేవారు కాదు. రేచల్ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మెషిన్ చప్పుడూ, పక్క గదిలోంచి డోలక్ చప్పుడూ కలిసి వినిపించే ఇల్లు వాళ్లది.

నొప్పి విషయంలో మాత్రం ఇద్దరివీ రెండు దారులు. సాలోమోను కొత్త చెప్పు కరిచినా ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. "రేచలూ, జర చూడే, ఎట్ల కమిలిందో!" అని కాలు చాపుకుని కూర్చునేవాడు. ఆమె కొబ్బరినూనె రాస్తూ, "ఇంత పెద్ద దెబ్బకు నువ్వు బతుకుడు కష్టమే" అని ఏడిపించేది. ఆమెకు మాత్రం సూది వేలిలోకి దిగినా, జ్వరంతో ఒళ్లు పేలిపోతున్నా ఒకటే మాట: "ఏంగాలే". ఆ మాటను ఆయన ఎప్పుడూ ఉన్నదున్నట్టే నమ్మేవాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక ఇద్దరూ శామీర్‌పేటలో ఎలీషమ్మ ఇంటికి భోజనానికి వెళ్లారు. తిరుగు ప్రయాణంలో తెలిసిన డ్రైవర్ పర్వతాలు ఆటో దొరికింది. వెనక సీటు నిండా ఆడవాళ్లుండటంతో రేచల్ వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంది. సాలోమోను డ్రైవర్ పక్కన, ముందు రేకుకు మోకాళ్లు ఆనేంత ఇరుకులో సర్దుకున్నాడు. కరీంనగర్ రోడ్డు మీద తూంకుంట రాకముందే ఒక కారు ఎదురుదారిలో దూసుకొచ్చింది. దాన్ని తప్పించబోయి ఆటో రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ వెనక భాగాన్ని గుద్దుకుంది.

సాలోమోను మోకాలు ముందు రేకుకు ఎంత బలంగా తగిలిందంటే, ఆ దెబ్బ మోకాలి దగ్గర ఆగలేదు. తొడంతా పాకి తుంటిలో దిగింది. లోపల ఏదో చోటు తప్పినట్టు ఆయనకే తెలిసింది. ఎవరో కిందికి దించి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. ఆ కాలు రెండో కాలి కంటే పొట్టిగా, మోకాలు లోపలికి తిరిగి, రెండో తొడ మీద వాలిపోయి ఉంది. కదిలిస్తే ప్రాణం పోతున్నట్టు అరిచాడు.

"బెణికినట్టుంది, గుంజితే సాఫ్ అయితది" అంటూ ఒకాయన మడమ పట్టుకోబోయాడు.

"ముట్టకుండ్రి! గుంజకుండ్రి!" అంటూ రేచల్ అడ్డుపడింది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎట్లా దిగిందో ఆయన చూడలేదు. తల మీది చున్నీ తీసి మడతపెట్టి, వంగి ఉన్న ఆ మోకాలి కింద ఉన్నది ఉన్నట్టుగానే ఆసరా పెట్టింది. ఆయన తల ఒళ్లోకి తీసుకుంది. "ఏమయ్య, నా దిక్కు చూడు. అంబులెన్స్ వస్తాంది."

"సచ్చిపోతున్ననే రేచలూ!"

"సావవు. కాలే గద, అయితది."

నీకేమైనా తగిలిందా అని ఆయన అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

అంబులెన్స్ వాళ్లు కాలును సాఫీ చేయకుండా, దిండ్లు చుట్టూ పెట్టి అట్లాగే ఎక్కించి, మేడ్చల్ వైపున్న ఒక పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. నుదురు చీరుకుపోయి రక్తం కారుతున్న పర్వతాలు కూడా అదే బండిలో వచ్చాడు. రేచల్ స్ట్రెచర్ పక్కన నడుచుకుంటూ లోపలికి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఎమర్జెన్సీలో ఉన్న డాక్టర్ పేరు సాయిప్రియ. వయసు చిన్నదే గానీ కంగారు మనిషి కాదు. సాలోమోను అరుస్తున్నా ఆమె ముందు కాలి జోలికి వెళ్లలేదు. ఊపిరి చూసింది, ఛాతీ నొక్కింది, పొట్ట నొక్కింది, మెడ కదిలించనివ్వలేదు. ఆ తర్వాతే పాదం దగ్గరికి వచ్చి నాడి పట్టుకుంది.

"అన్నా, బొటనవేలు పైకి లేపుండ్రి. ఇక్కడ ముట్టుకుంటే తెలుస్తాందా?"

"తెలుస్తాంది మేడం. తుంటిల మంటపెట్టినట్టు నొస్తాంది. జల్దీ ఏమన్న చెయ్యుండ్రి!"

నొప్పికి ఇంజెక్షన్ ఇప్పించి, ఆమె రేచల్ వైపు తిరిగింది. "అక్కా, మీరు గూడ ఆటోల ఉన్నరు గద. మీకేం గాలేదా?"

"ఏంగాలే మేడం. ఆయన్ను చూడుండ్రి."

ఎక్స్‌రే చూశాక డాక్టర్ మళ్లీ వచ్చింది. భార్యాభర్తలిద్దరికీ వినపడేటట్టు నెమ్మదిగా చెప్పింది. తొడ ఎముక పైన బంతి లాంటి గుండు ఉంటుందనీ, అది తుంటి గిన్నెలో తిరుగుతుందనీ, మోకాలికి తగిలిన దెబ్బతో అది గిన్నెలోంచి వెనక్కి ఊడి వచ్చిందనీ, బంతిలోంచి ఒక పెచ్చు కూడా విరిగినట్టు కనపడుతోందనీ చెప్పింది.

"బంతికి నెత్తురు తెచ్చే నరాలు మస్తు సన్నగుంటయి. అది బయటున్నంత సేపు అవి నలుగుతనే ఉంటయి. గంటలు గడిస్తే బంతి ఎండిపోతది. అందుకే మత్తిచ్చి ఇప్పుడే ఎక్కియ్యాలె. బంతి కింద మెడ విరిగితే గుంజొద్దు, ఇంకా ఖరాబయితది. ఎక్స్‌రేల మెడ మంచిగనే ఉంది. ఎముకల సార్ వస్తుండు, ఇద్దరం కలిసి చేస్తం."

మత్తు అనగానే సాలోమోను భార్య చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు ఈడ్నే ఉంటవా?"

"ఏడికి పోత? ఈడ్నే ఉంట."

ఆమె అరచెయ్యి చల్లగా, చెమటగా ఉంది. ఏసీ చలికేమో అనుకున్నాడు. సూది గుచ్చారు. పైన ఉన్న లైటు రెండుగా చీలి, మళ్లీ ఒకటై, ఆరిపోయింది.

ఆ తర్వాత జరిగింది ఆయన చూడలేదు, ఇతరులు చెబితే తెలిసింది. ఒక నర్సు నడుమును అదిమి పట్టుకుంటే, ఎముకల డాక్టర్ మంచం ఎక్కి, వంచిన మోకాలి కింద చేతులు వేసి తొడను పైకప్పు వైపు ఎత్తిపట్టి లాగాడు. బరువైన తలుపు గడియ పడ్డట్టు చప్పుడుతో బంతి గిన్నెలోకి వెళ్లింది. కాళ్లు రెండూ ఒక పొడవుకు వచ్చాయి. పాదంలో నాడి మళ్లీ చూసుకుని, ఇంకో ఎక్స్‌రేకు రాసి, ఆ సంగతి చెబుదామని సాయిప్రియ తెర పక్కకు జరిపింది. రేచల్ గోడకు ఆనుకుని నేల మీద కూలబడి ఉంది. పెదవులు పాలిపోయి గోడ సున్నం రంగులో ఉన్నాయి.

సాలోమోనుకు మెలకువ వచ్చేసరికి తుంటిలో మంట సగానికి సగం తగ్గింది. ఆ తేలికకు ఆయన నవ్వాడు కూడా. "రేచలూ, సల్లగైందే" అన్నాడు. జవాబు రాలేదు. నర్సు వచ్చి, అక్కను ఆపరేషన్ థియేటర్‌కు తీసుకుపోయారని చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. "ఆమెకెందుకు? దెబ్బ నాకు గద తాకింది" అన్నాడు. ఆటో గుద్దుకున్నప్పుడు డ్రైవర్ సీటు వెనకున్న ఇనుప కడ్డీ ఆమె పొట్టకు తగిలిందనీ, లోపల కాలేయం చీలి నెత్తురు పోతోందనీ చెప్పారు. లేవబోయాడు. ఇద్దరు పట్టుకున్నారు.

పొద్దు వాలకముందే ఎలీషమ్మ వచ్చింది. మధ్యాహ్నం వంట పసుపు గోళ్లలో అట్లాగే ఉంది. ఆమె వెనకే సర్జన్ వచ్చాడు. ఆయన మాస్కు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డ తీరులోనే అల్లుడికీ అత్తకూ సంగతి తెలిసిపోయింది. ఎలీషమ్మ అరవలేదు. అల్లుడి మంచం ఇనుప కమ్మీ పట్టుకుని, "నా బిడ్డ మొన్ననే జుట్టుకు రంగేసుకున్నది" అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

స్కాన్‌లో బంతి పెచ్చు విరిగిన మాట నిజమేనని తేలింది. గిన్నె, మెడ బాగున్నాయి. పెచ్చును సన్నటి స్క్రూలతో అతికించే ఆపరేషన్ చేయాలి. అప్పటిదాకా బంతి మళ్లీ జారకుండా కాలికి పట్టీలు చుట్టి, మంచం చివర తాడుకు బరువు వేలాడదీశారు. లేచి కూర్చుంటే మొదటికే మోసమన్నారు.

పోస్టుమార్టం అయ్యాక రేచల్‌ను మచ్చ బొల్లారం సమాధుల తోటకు తీసుకెళ్లే వేళయింది. భర్త వెళ్లే మార్గం లేదు. అప్పుడు ఎలీషమ్మ సాయిప్రియ దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది. "మేడం, నా అల్లున్ని మంచంతోనే బయటిదాకా తోలుండ్రి. ఒక్కసారి చూసుకోనియ్యుండ్రి."

వార్డు మనుషులు తాడూ బరువూ కదలకుండా పట్టుకుని, మంచాన్ని అట్లాగే నెట్టుకుంటూ పోర్టికో దాకా తెచ్చారు. బండి వెనక తలుపు తెరిచారు. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. పెట్టె మంచం కంటే ఎత్తులో ఉండటంతో సాలోమోనుకు ముఖం సరిగ్గా కనిపించలేదు. తల ఎత్తబోతే తాడు లాగింది. ఎలీషమ్మ చూసి, నలుగురి చేత పెట్టె దింపించి, మంచం పక్కన స్టూళ్ల మీద పెట్టించింది. ఆయన చెయ్యి చాపి భార్య చెంప ముట్టుకున్నాడు. చర్చి ఆడవాళ్లూ పాటల వాళ్లూ ఏడుస్తూ పాడుతున్నారు. ఆ పాటకు ఆదివారాలు డోలక్ కొట్టిన వేళ్లు ఆ చెంప మీద కదలకుండా ఉండిపోయాయి. బండి గేటు దాటి కనుమరుగయ్యాక కూడా మంచాన్ని లోపలికి తిప్పమని ఆయన చెప్పలేదు. వాళ్లే తిప్పారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపేటప్పుడు నెలల తరబడి ఆ కాలు నేలకు మోపొద్దన్నారు. పడుకుని ఉండగానే మడమ పైకీ కిందికీ ఆడించాలి, తొడ కండ బిగించి వదలాలి, లేకపోతే కాలు ఎండుకుపోతుంది. నేల మీద కూర్చోవడం, బాసింపట్టు వేయడం ఇక మరిచిపొమ్మన్నారు. సాయిప్రియ ఒకటి రెండుసార్లు వార్డుకు వచ్చి మంచం పక్కన నిలబడింది. ఏదో చెప్పాలని చూసింది. సాలోమోను గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. ఆమె మీద కోపమో, ఆమె బాగుచేసిన కాలి మీద కోపమో ఆయనకే తెలియలేదు.

ఎలీషమ్మ నర్సరీ పని మానేసి, బట్టల మూటతో అల్లుడింటికి వచ్చేసింది. పొద్దున గంజి, మధ్యాహ్నం కూర, మధ్యలో వ్యాయామం. ఆయన మడమ ఆడించేవాడు కాదు. ఆమె చెప్పగా చెప్పగా ఒకనాడు, "ఈ కాలెందుకత్తమ్మ? దీనికోసం నేను లొల్లి పెట్టినందుకే ఆమె దిక్కు ఎవ్వలు చూడలే. ఇది ఎండిపోతేనే నాకు మంచిగనిపిస్తది" అన్నాడు.

ఎలీషమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"నాకు కోపం లేదనుకుంటున్నవా? ఉన్నది. నీ మీదనే ఉన్నది. గంత మంది ఉండి నా బిడ్డ మొకం ఒక్కలన్న చూడకపోతిరి అని రోజు అనుకుంటనే ఉన్న. నువ్వు ఆమె పక్కపొంటి ఇన్నేండ్లు పన్నవు, ఏంగాలే అంటే నమ్ముడేనా?"

ఆయన ఆ మాట ఎవరో ఒకరు అనేస్తే బాగుండునని ఇన్నాళ్లూ ఎదురుచూసినవాడిలా కళ్లు మూసుకున్నాడు.

ఎలీషమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మంచం కాళ్ల వైపు వచ్చి కూర్చుని, ఆయన పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. "ఇగ మడిమె లేపు. నా చేతిని ఎన్కకు నూకు" అంది. కొంతసేపటికి ఆయన నెట్టాడు.

ఆనాటి నుంచి వాళ్ల మధ్య ఆ మాట మళ్లీ రాలేదు. కోపం పోయిందని కాదు. కోపమూ కాలూ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, రెండింటినీ ఆమే చూసుకుంది. వాకర్ పట్టుకుని నడిచాడు, తర్వాత కర్ర. నిచ్చెన ఎక్కే పని పోయింది. స్టూలు మీద కూర్చుని గేట్లకూ కిటికీ కమ్మీలకూ రంగులు వేసేవాడు. చర్చిలో చివరి వరుసలో కుర్చీలో కూర్చునేవాడు. డోలక్ ఇంకెవరో వాయిస్తుంటే తల వంచుకుని వినేవాడు.

ఏడాది తిరిగాక గజ్జల్లో కొత్త నొప్పి మొదలైంది. నడుస్తుంటే లోపల రాయి రాసుకున్నట్టు ఉండేది. ఈసారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గోడ పట్టుకుని నడవటం ఎలీషమ్మ కంట పడ్డాక, "ఏంగాలే" అన్నాడు. ఆ మాట ఆయన నోటి వెంట వినగానే ఆమె చెప్పులు తొడుక్కుంది. "నడువ్. ఇప్పుడే పోదాం" అని ఆటో పిలిచింది.

ఎముకల డాక్టర్ పెద్ద స్కాన్ తీయించి, బంతిలో ఒక భాగానికి నెత్తురు అందటం లేదనీ, అక్కడ ఎముక చచ్చుబడుతోందనీ చెప్పాడు. "ఆ రోజు జల్దీనే ఎక్కించినం. అయినా కొందరికి ఇట్ల అయితది. ఎవరి తప్పు గాదు. బరువు తగ్గించి నడువుండ్రి. నడవలేని రోజు వస్తే కీలు మారుద్దాం."

సాలోమోను తల ఊపాడు. ఎలీషమ్మ మందుల కోసం కిటికీ దగ్గర నిలబడింది. ఆయన కర్ర పొడుచుకుంటూ, తనకు తెలియకుండానే, ఎమర్జెన్సీ గుమ్మం దగ్గరికి వచ్చాడు. సాయిప్రియ అక్కడే ఉంది. చూడగానే గుర్తుపట్టి బయటికి వచ్చింది.

"కాలు ఎట్లుందన్నా?"

"కాలు సంగతి గాదు మేడం." ఏడాదిగా దాచుకున్నది అడిగేశాడు. "నేను మత్తుల ఉన్నప్పుడు... ఆమె నన్ను పిలిచిందా? నా పేరు పెట్టి పిలుస్తున్నట్టు రోజు ఇనబడుతది. నేను లేస్తలేను."

డాక్టర్ ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది.

"పిలవలే అన్నా. స్ట్రెచర్ మీద ఆమెను మీ పక్కనుంచే తీసుకపోయినం. ఆగమన్నది. కాలు ఎక్కిందా అని అడిగింది. ఎక్కింది, చూడుండ్రి అని దుప్పటి తీసి చూపెట్టిన. రెండు కాళ్లు సమానంగున్నయి. పాదం మీద చెయ్యేసింది. నేనే అన్న, లేపమంటరా, ఒక్క మాట మాట్లాడుతరా అని. 'వద్దు మేడం, ఇప్పుడే నొప్పి తగ్గింది, పండనీయుండ్రి. లేస్తే పరేషాన్ అయితడు' అన్నది. వార్డుకొచ్చి చెప్దామనుకున్న. మీరు నా దిక్కు చూడలే."

సాలోమోను "లేపాల్సుండె మేడం" అన్నాడు.

"అవునన్నా. లేపాల్సుండె." ఆమె కళ్లలో నీళ్లు నిలిచాయి. "ఆమెను రెండోసారి అడిగి ఉండాల్సింది. అప్పటిసంది నడిచొచ్చినోళ్లను గూడ పండబెట్టి పొట్ట చూసేదాక వదుల్తలేను."

లోపలి నుంచి ఎవరో పిలిస్తే ఆమె లేచి వెళ్లింది. ఎలీషమ్మ మందులతో వచ్చి, అల్లుడి ముఖం చూసి ఆటో పిలిచింది. దారిలో భార్య మీద ఆయనకు మొదటిసారి కోపం వచ్చింది. నన్ను లేపొద్దనడానికి నువ్వెవరు అని మనసులోనే అరిచాడు. ఇంటి దగ్గర ఆటో దిగేసరికి ఆ కోపం కరిగి, చూపు మసకబారి, గేటు గడియ చేతికి దొరకలేదు. ఎలీషమ్మే తీసింది.

అన్నం తిన్నాక చెప్పాడు. కాలు ఎక్కిందా అని అడగడం, దుప్పటి తీయడం, పాదం మీద చెయ్యి వేయడం, పండనీయమనడం, అన్నీ చెప్పాడు. ఎలీషమ్మ కంచాలు ముందు పెట్టుకుని కదలకుండా విన్నది. బిడ్డ చివరి మాటలు ఆమె వినడం అదే మొదలు.

"మల్లొకసారి చెప్పు బిడ్డా" అంది.

చెప్పాడు. రేచల్ గొంతు ఎట్లా ఉంటుందో అట్లా అనబోయాడు గానీ రాలేదు. ఎలీషమ్మకు అది చాలింది. లేచి కంచాలు కడిగి, నూనె గిన్నె తెచ్చి, ఆయన పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాతి రోజుల్లో కూడా అప్పుడప్పుడూ, పని మధ్యలో ఆగి అడిగేది. ఆయన ఎంత అలసి ఉన్నా, మొదటి నుంచి మళ్లీ చెప్పేవాడు.